బరకగా పట్టిన గురువారాలు

“బొంగురూ! ఒసేయ్ బొంగురూ! చెవుల్లో గింజలు పోసుకు కూచున్నావా?”

కేక లాండ్రీలోంచి వచ్చింది. గుమ్మం నిండా కమ్ముకున్న ఆవిరిలోంచి పిన్ని మొహం ఒక్కటే బయటికి కనపడుతోంది. వెంట్రుకలు నుదుటికి అతుక్కుపోయాయి, బుగ్గలు ఉడికిపోయాయి.

వీధికి ఇటుపక్క కాఫీపొడి కొట్టులో ఆవిడ అక్క కూతురు తలెత్తింది. మర ఆపకుండానే, ఏమిటన్నట్టు గడ్డం ఎగరేసింది.

“ఇంకా ఎంతసేపే ఆ గరగర? పొద్దు కదిలితేగా! ఎన్ని దుప్పట్లు మడతపెట్టినా ఆ గడియారం ముల్లు అక్కడే చచ్చి కూచుంది. కాస్త సన్నం చెయ్యవే తల్లీ.”

బొంగురు మర పక్కనున్న ఇత్తడి చక్రాన్ని ఓ గీత లోపలికి తిప్పింది. లోపల పళ్ళ బిళ్ళలు రెండూ ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి. గరగర కాస్తా సరసర అయింది. లాండ్రీ పైకప్పుకి ఇందాకటినించీ అంటుకుపోయినట్టున్న ఎండ ఓ బెత్తెడు కిందికి జారింది.

“హమ్మయ్య,” అని పిన్ని మళ్ళీ ఆవిరిలోకి వెళ్ళిపోయింది.

ఆ వీధిలో ఇది మామూలే. కొట్టులో గింజ బరకగా నలిగితే పొద్దు నిదానంగా నడుస్తుంది, మెత్తగా నలిగితే గబగబా పోతుంది. ఎప్పటినించి అంటే ఎవరూ చెప్పలేరు, ఎందుకని ఎవరూ అడగలేదు. వాన పడితే గొడుగు తీసినట్టు మర మోత విని జనం పనులు సర్దుకునేవాళ్ళు. గుడ్డలు ఇవ్వాల్సిన గడువు ముంచుకొస్తే దర్జీ పరిగెత్తుకొచ్చి, “ఓ రెండు కిలోలు బరకగా పట్టెయ్యమ్మాయ్, ఇంకా చొక్కాకి చేతులే పడలేదు,” అని బతిమాలేవాడు. పన్ను పీకించుకోబోయేవాళ్ళు దవడ పట్టుకుని కొట్టు ముందు ఆగి, “నేను కుర్చీలో కూచునే సమయానికి పిండిలా పట్టు తల్లీ,” అని వేడుకునేవాళ్ళు. కొట్టు ఓనరైతే భోంచేసి కుర్చీలో వెనక్కి వాలుతూ, “రాళ్ళుప్పంత,” అని గొణిగి కళ్ళు మూసేవాడు. ఆ కునుకు ఎంత పొడుగ్గా సాగేదో ఆయన గురకకే తెలియాలి.

చూడ్డానికి అది చిన్న పనే. పైన గింజలు పోయడం, కింద సంచీ పట్టడం. కాని అసలు పనంతా ఆ రెండింటి మధ్యే ఉంది. ఎవరైనా వచ్చి “పావుకిలో” అంటే బొంగురు చెయ్యి మర మీదికి పోదు. ముందు వాళ్ళ మొహంలోకి చూస్తుంది. దేంట్లో కాస్తారు అని ఆ చూపుకి అర్థం. పైనుంచి జల్లెడ నొక్కే గాజు కూజా అంటే రాళ్ళుప్పంత పలుకు పడుతుంది. అందులో పొడి వేడినీళ్ళలో మునిగి చాలాసేపు ఉంటుంది మరి. సన్నగా పడితే చేదంతా దిగిపోయి, జల్లెడ దాటి అడుగున బురదవుతుంది. కాగితం గరాటుకైతే పంచదారంత. నీళ్ళు అందులో మరీ ఆగిపోకూడదు, మరీ పరిగెత్తకూడదు. పొయ్యి మీద కుతకుతలాడే రెండంతస్తుల కూజాకి మెత్తటి ఉప్పంత. పిడిగిన్నెలో పొడితో సహా మరిగించి తాగేవాళ్ళకి మొహానికి రాసుకునే పౌడరే. కొట్టు మూల నిలబెట్టిన ఆవిరి యంత్రం సంగతి వేరు. అందులో నీళ్ళు ఎవరో తరిమినట్టు దూసుకొస్తాయి. పొడికీ నీళ్ళకీ సావాసం నాలుగు ఊపిర్లు కూడా ఉండదు, ఉన్నదంతా ఆ కాస్తలోనే ఇచ్చెయ్యాలి. అందుకని దానికి బాగా సన్నం కావాలి. మరీ పిండయితే మాత్రం నీళ్ళకి దారే దొరకదు.

“ఎక్కువసేపు కలిసుండేవాటికి లావు పలుకు, తొందరగా విడిపోయేవాటికి సన్నం. అంతేనమ్మా విద్య,” అని ఓనరు పని నేర్పేటప్పుడు చెప్పాడు. ఆయన చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే. ఆ తర్వాత ఆయన ఎక్కువగా నిద్రపోయాడు.

వీధిలో అందరికీ ఒక ఒప్పందం ఉండేది. పొద్దున్నపూట గాజు కూజాలవాళ్ళు రావాలి, అప్పుడు పొద్దు సాగుతుంది, ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. మధ్యాహ్నం గరాటువాళ్ళు. ఎండ వాలుతూంటే పొయ్యి కూజాలవాళ్ళూ పిడిగిన్నెలవాళ్ళూ వస్తారు, అప్పుడు మర సన్నబడుతుంది, నిలబడి పనిచేసేవాళ్ళకి చివరి గంటలు చప్పున తెగుతాయి. “పొద్దున్న సాగదీసింది సాయంత్రం మడతపెట్టెయ్యాలి,” అనేది పిన్ని. ఆవిడకి లోకంలో అన్నీ దుప్పట్లే.

బొంగురుకి అమ్మ పోయాక పెంచింది ఆ పిన్నే. పెళ్ళి చేసుకోవే అని ఎవరన్నా అంటే, “ముందు దీన్ని నిలబెట్టనీండి,” అనేది. అది నిలబడింది. ఆలోగా అడిగేవాళ్ళు అడగడం మానేశారు. ఇద్దరూ కొట్టు పైన ఒక గదిలో ఉండేవాళ్ళు. గదిలో రెండు మంచాలు, ఒక కిటికీ, పిన్ని కాళ్ళు పెట్టుకునే సత్తు బేసిను. లాండ్రీలో పొద్దుటినించీ సాయంత్రందాకా నిలబడి నిలబడి ఆవిడ కాళ్ళ మీద నరాలు నీలంగా మెలితిరిగి పైకి లేచాయి. రాత్రిళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూచునేది. డాక్టరు నిలబడొద్దన్నాడు. “కూచుని ఇస్త్రీ చేసే దారి చెప్పమనండి, కూచుంటా,” అంది పిన్ని.

బొంగురు అన్న పేరు ఆ అమ్మాయికి చిన్నప్పుడొచ్చింది. గొంతుకి ఏదో జబ్బు చేసి తగ్గింది కాని, పోతూ పోతూ గొంతుని బరకగా పట్టి పోయింది. బడిలో పద్యం అప్పజెప్పమంటే పిల్లలు బల్లల కింద దూరి నవ్వారు. అప్పటినించి ఆమె మాటలు తగ్గించి, తల ఊపడం, గడ్డం ఎగరెయ్యడం, వేళ్ళు తిప్పడం నేర్చుకుంది. కాఫీపొడి కొట్టు ఆమెకి తగిన చోటు. మర తిరుగుతూంటే ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు, మాట్లాడకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక గురువారాల సంగతి.

వీధి చివర మార్కెట్టు గోపురం మీద పాత గడియారం ఉంది. వారానికోసారి దానికి తాళం తిప్పాలి. తిప్పడానికి ఒకతను గురువారం మధ్యాహ్నం బస్సు దిగేవాడు. గడియారాలాయన అనేవాళ్ళు అందరూ, వయసు పెద్దగా లేకపోయినా. భుజాన గుడ్డసంచీ, అందులో పెద్ద తాళంచెవి, నూనె సీసా. ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు. గోపురాలు ఎక్కడం, తిప్పడం, దిగడం, బస్సెక్కడం. మెట్ల దుమ్ము అతని కనుబొమల మీద ఎప్పుడూ ఉండేది. దిగొచ్చాక సాయంత్రం బస్సుకి ముందు కాస్త ఖాళీ. ఆ ఖాళీలో ఒకసారి కొట్టుకొచ్చి, “ఇక్కడే కాచి ఇస్తారాండీ? నిలబడలేకపోతున్నాను,” అన్నాడు.

బొంగురు గాజు కూజా తీసింది. బరకగా పట్టి, వేడినీళ్ళు పోసి, మూత పెట్టింది. ఆగాలి. ఇద్దరూ ఆగారు. ఎండ కూడా ఆగింది.

“పంచదార?” అంది ఆమె. అడక్క తప్పని మాట అది.

అతను చటుక్కున తల తిప్పాడు. నవ్వుతాడేమో అనుకుని ఆమె మొహం మరవైపు తిప్పేసుకుంది.

“ఒక చెంచా,” అన్నాడతను. “మీరన్నది ఒక్కసారికే వినపడిందండీ! గంటల పక్కన చెవిపెట్టి పనిచేసి చేసి నాకు సన్న గొంతులు అందవు. మా చెల్లెలు మాట్లాడితే పెదాలు కదలడమే కనపడుతుంది. దానికి అదో కోపం. మీ గొంతు మటుకు... నేరుగా వచ్చింది.”

ఆమె పంచదార రెండు చెంచాలు వేసేసింది.

తర్వాత వచ్చే ప్రతి గురువారం ఆ కూజానే, ఆ ఆగడమే. అతను ఊళ్ళ కబుర్లు చెప్పేవాడు. ఒక ఊరి గడియారంలో పావురాలు గూడు కట్టాయిట, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ ఊరి పెద్దలు ముల్లు తిప్పనివ్వలేదుట. ఇంకో ఊళ్ళో గంట మోగితే ఏడ్చే కుక్క ఉందిట. అలిసిపోయిన మనిషి మెల్లిగా చెప్పే కబుర్లు, మధ్యలో ఆగిపోయి, కప్పులోకి చూసి, మళ్ళీ ఎత్తుకునేవి. ఆమె వింటూ ఎదర ఏ పొట్లం ఉంటే అది పట్టేది. చక్రం మాత్రం బరక గీత దగ్గరే ఉండేది. దర్జీ పొడీ బరకే, పంతులమ్మ పొడీ బరకే, పిడిగిన్నెలో మరిగించుకునే ముసలాయన పొడీ బరకే. మర సన్నబడితే బస్సు వచ్చేస్తుంది. అందుకని గురువారం మధ్యాహ్నం ఆ వీధిలో మరి సాయంత్రమయ్యేది కాదు. నీడలు కాళ్ళ కిందే పడుకునేవి.

ఎంత సాగినా ఆమె మాత్రం చెప్పాల్సింది చెప్పలేదు. ఇంకా చాలా పొద్దుందిలే అనిపించేది. చెప్పుకోవడానికి పొద్దు ఉన్నంత కాలం నోరు పెగలలేదు. చివరికి సంచులన్నీ అయిపోయి, మర ఆగి, బస్సు హారన్ కొడితే, అతను సంచీ భుజాన వేసుకుని “వస్తానండీ” అనేవాడు. ఆమె తల ఊపేది.

మర్నాడు జనం వచ్చేవాళ్ళు.

“అమ్మాయ్, నిన్నటి పొడి పొయ్యి మీద పెడితే ఏం దిగిందనుకున్నావు? గోరువెచ్చటి నీళ్ళు,” అనేవాడు దర్జీ.

“గరాట్లో ఇలా పోశానో లేదో అలా కిందికి దూకేసింది. రంగు కూడా పట్టలేదమ్మా,” అనేది పంతులమ్మ.

బొంగురు చేతులు నలుపుకునేది. వాళ్ళు ఒక్క క్షణం ఆమెకేసి చూసి, ఎందుకో మెత్తబడి, “పోనీలే, ఇంకో చెంచా ఎక్కువేసుకుంటాం,” అని వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ పట్టమని ఎవరూ అడగలేదు. వచ్చే గురువారం మళ్ళీ వచ్చి అదే పొడి పట్టుకెళ్ళేవాళ్ళు.

పిన్ని మాత్రం తిట్టేది. అవి గురువారం రాత్రి గదిలో, బేసినులో కాళ్ళు పెట్టుకుని తిట్టిన తిట్లు. “ఈ మాయదారి గురువారం తెమలదే! మిగతా రోజులకి కాళ్ళుంటాయి, దీనికి కాళ్ళు లేవు. నా కాళ్ళు అరువు తీసుకుని నడుస్తుంది.” బొంగురు కింద కూచుని ఆవిడ పిక్కలు ఒత్తేది. వేలితో నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ పైకి రాని వాపు. ఆ గుంటలోకి చూస్తూ, వచ్చే వారం ఇలా చెయ్యను అని అనుకునేది. వచ్చే వారం అతను బస్సు దిగేవాడు.

ఆ చివరి గురువారం అతను ఎప్పటికన్నా నెమ్మదిగా నడిచొచ్చాడు. సంచీ బరువుగా ఉంది. బల్ల మీద పెడితే లోపల ఇనుము చప్పుడైంది.

“గడియారం తీసేశారండీ,” అన్నాడు. “కొత్తది పెడుతున్నారు. కరెంటుది. దానికి తాళం తిప్పక్కర్లేదుట, సమయం ఎక్కడినించో తీగలోంచి అదే తెచ్చుకుంటుందిట. ఈ వీధి గడియారం ప్రతివారం వెనకబడుతోందని ఫిర్యాదు వెళ్ళింది. నిజమే, వెనకబడుతోంది. మిగతా ఊళ్ళ గడియారాలు బాగానే ఉన్నాయి.” తాళంచెవి తీసి చూసుకున్నాడు. “ఇక నన్ను రానక్కర్లేదన్నారు.”

బొంగురు చేతిలో చెంచా అలాగే ఉంది.

“ఇవాళ్టి బస్సుకి వెళ్తే మళ్ళీ ఇటు వచ్చే పనేమీ ఉండదు,” అన్నాడతను, ఆమెకి కాక చెంచాకి చెప్తున్నట్టు. “పోనీండి. ఒక కప్పు ఇవ్వండి. ఎప్పటిలాగే.”

ఆమె గాజు కూజా తీసి పెట్టింది. మర దగ్గరికి వెళ్ళి ఇత్తడి చక్రాన్ని బరక గీతకి తిప్పింది. ఆగింది. ఆ గీత దాటించి ఇంకా తిప్పింది. ఎన్నడూ తిప్పనంత. బిళ్ళలు దూరదూరంగా జరిగిపోయి, గింజ నలగడం మానేసి ఊరికే రెండు ముక్కలై పడింది. టక్. చాలాసేపటికి, టక్.

వీధి నిలిచిపోయింది. లాండ్రీ గుమ్మంలో ఆవిరి దూదిలా గాల్లో ఆగింది. తీగమీద ఆరేసిన చొక్కా కొసన నీటిబొట్టు జారబోయి జారలేదు. ఓనరు గురక లోపలికి వెళ్ళి బయటికి రావడం మరిచిపోయింది. గోడ పక్కన నిండు గోనెసంచీ ఉంది. పలుకు పలుకే పడితే ఆ సంచీ అయ్యేదాకా సాయంత్రం రాదు. ఆమె చూపు సంచీ మీదే ఉంది.

అప్పుడే దర్జీ వచ్చాడు, నీళ్ళలో నడుస్తున్నవాడిలా అడుగులు తీసి తీసి వేస్తూ. ఖాళీ డబ్బా బల్ల మీద పెట్టాడు. గడియారాలాయనకేసి చూశాడు, గోనెసంచీకేసి చూశాడు.

“నాదీ బరకగానే పట్టెయ్యమ్మా,” అన్నాడు. “నీళ్ళ కాఫీ అలవాటైపోయింది. చిక్కటిది తాగితే ఇప్పుడు నిద్రపట్టదు.”

ఆమెకి చెవులు వేడెక్కాయి. అయితే తెలుసన్నమాట. దర్జీకి తెలుసు, పంతులమ్మకి తెలుసు. ఇన్ని వారాలూ వీధి వీధంతా తెలిసే నీళ్ళు తాగింది.

మరి పిన్నికో?

బొంగురు తలెత్తి అటు చూసింది. ఆగిపోయిన ఆవిరి పక్కన, ఇస్త్రీ బల్ల దగ్గర పిన్ని కనపడుతోంది. ఎత్తిన ఇస్త్రీపెట్టె చేతిలోనే ఉంది. ఒక కాలు పైకి తీసి, దాని పాదంతో రెండో పిక్కని రుద్దుకుంటోంది, చాలా నెమ్మదిగా. మొహం బల్లమీదికి వంచుకుంది, కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. రోజూ అయితే ఈపాటికి వీధి అదిరేలా కేక వచ్చేది. ఒసేయ్ బొంగురూ, సన్నం చెయ్యవే. ఇవాళ రాలేదు. కళ్ళెత్తి కొట్టువైపు చూసింది పిన్ని, చూసి మళ్ళీ దించుకుంది. కానీలే, బరకగానే పట్టుకో అన్నట్టుంది ఆ దించుకోవడం.

ఆ కేక రాకపోవడమే బొంగురు భరించలేకపోయింది.

మర ఆపేసింది. బరక ముక్కలు దులిపేసింది. ఇత్తడి చక్రం పట్టుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. గాజు కూజా గీత దాటింది, గరాటు గీత దాటింది, పొయ్యి కూజాదీ దాటింది. చిటికెడు పట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసింది. ఇంకా ఇసుక తగులుతోంది. ఇంకొంచెం తిప్పింది. మళ్ళీ రుద్దింది. ఈసారి వేలిగీతల్లోకి దిగి అతుక్కుంది, అయినా పిండి కాలేదు. అక్కడ ఆపింది. గాజు కూజాని పక్కకి జరిపేసింది. దీన్ని అందులో వేస్తే బురదే. మూలనున్న ఆవిరి యంత్రం మీది గుడ్డ తీసింది.

“కూజా కాదా?” అన్నాడతను.

ఆమె తల అడ్డంగా ఊపింది. తొందరగా విడిపోయేవాటికి సన్నం.

మర సుయ్యిమంది. అతనొచ్చాక ఏ గురువారమూ అంత సన్నటి చప్పుడు ఆ వీధి విన్లేదు. ఒక్కసారిగా ఆవిరి కదిలింది, నీటిబొట్టు పడింది, ఓనరు గురక బుస్సున బయటికొచ్చింది. ఎండ లాండ్రీ కప్పు మీదినించి గోడమీదికి, గోడమీదినించి అరుగుమీదికి గుడ్డ లాగినట్టు జారిపోయింది. పంతులమ్మ బడి నించి వెళ్తూ కనిపించీ కనిపించకుండానే దాటిపోయింది. దర్జీ కొట్టు తలుపు పడింది. బొంగురు పొడిని పిడి ఉన్న చిన్న జల్లెడలో నింపి, చదునుగా అదిమి, యంత్రానికి బిగించి, మీట దించింది. తేనెలాంటి సన్నటి ధార చిన్న కప్పులోకి దిగింది. అది దిగినంతసేపే. ఆ కాసేపట్లోనే అవతల దుప్పట్ల కుప్ప కరిగిపోయింది, లాండ్రీ గంట కొట్టారు, ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

ఆమె కప్పు అతని ముందు పెట్టింది. అతను ఎత్తి ఒక్క గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నప్పుడే వీధి మొదట్లో హారన్ మోగింది. బస్సు వచ్చింది, ఆగింది, తలుపు దబ్బుమంది, వెళ్ళిపోయింది. అంతా ఆ ఒక్క గుక్క మింగేలోపల.

మెత్తగా పడితే బస్సు తొందరగా వస్తుందని ఆమెకి తెలుసు. ఎక్కే వీల్లేనంత తొందరగా వెళ్ళిపోతుందని మాత్రం ఇన్ని గురువారాల్లో ఒక్కసారీ తట్టలేదు.

చీకటి పడింది. ఓనరు ఇంకా లేవలేదు, దీపం ఎవరూ వెయ్యలేదు. మర ఆగిపోయింది. ఆ కొట్టులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

“బస్సు వెళ్ళిపోయినట్టుంది,” అన్నాడతను.

ఆమె తల ఊపింది.

“ఎప్పుడూ బరకగా పట్టేవారు. ఇవాళ ఎందుకు మెత్తగా పట్టారు? నాకు బస్సు తప్పాలనా?”

ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఆమె గడ్డం, ఆమె వేళ్ళు ఏవేవో చెప్పాయి.

“చీకట్లో తల ఊపితే నాకు కనపడదండీ,” అన్నాడతను నెమ్మదిగా. “నోటితో చెప్పండి. మీ గొంతయితే వినపడుతుంది నాకు.”

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. పిన్ని. ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చి ద్వారబంధానికి భుజం ఆనించి, చెప్పులు విప్పేసి, చల్లటి గచ్చు మీద పాదాలు పెట్టింది. పొద్దుండగానే పని అయిపోయినవాళ్ళలా హాయిగా నిట్టూర్చింది. చీకట్లో ఇద్దరి ఆకారాలూ చూసింది.

“చెప్పవే,” అంది. “ఇప్పుడు గింజలు నోట్లో పోసుకున్నావా?”

బొంగురు చెయ్యి అలవాటుగా మర మీటకోసం వెళ్ళింది. తిప్పితే మోత వస్తుంది, మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మీట మీదినించి చెయ్యి తీసేసింది. గొంతు సవరించుకుంది. సవరించుకుంటే బాగయ్యే గొంతు కాదది.

“మెత్తగా పట్టింది పిన్ని కాళ్ళ కోసం,” అంది. ఆ గరుకు గొంతు ఖాళీ కొట్టులో గోడ గోడకీ తగిలింది. “మీ కోసం పట్టిందంతా బరకే. మీరొచ్చిన ప్రతి గురువారం. వీధిలో అందరూ నీళ్ళు తాగుతున్నారని తెలుసు, మీ గడియారం వెనకబడేది నా వల్లేనని తెలుసు, నువ్వు నిలబడలేకపోతున్నావనీ తెలుసు పిన్నీ, తెలిసే పట్టాను. ఈయన లేచి వెళ్ళిపోతుంటే చూడలేక పట్టాను.”